గోడ కట్టిన మాత్రమున రెండిండ్లగునా?



గడచిన మాసమున నీ శీర్షికక్రింద, పాత ఛాయాచిత్రములను స్కానరుమీద నుంచి కంప్యూటరులోనికి దింపుకొను విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. అది చదివి యొక సోదరి యిట్లు వ్రాసినారు:

"మా నాయనమ్మగారి పెండ్లినాటి బొమ్మను 1200 డీపీఐ చొప్పున స్కాను చేసితిని. ముఖముమీది మరకలను ఫోటోషాపులో నొక్కొక్కటిగ తుడుచుచుండగా, సగము పని యైన పిమ్మట, స్క్రాచి డిస్కులు నిండియున్నందున మీరు కోరిన పని చేయజాలమని యొక చీటి తెరమీదికి వచ్చినది. ఎన్నిమాఱులు నొక్కినను అదే మాట. బొమ్మ చెడిపోయినదేమోయని నాకు భయముగ నున్నది. హార్డుడిస్కును భాగములుగ విభజించుకొనిన నీ బాధయంతయు తొలగునని, బొమ్మలకు రక్షణయు కలుగునని మా మఱది చెప్పుచున్నాడు. నిజమేనా?"

ఈ సోదరికి ముందుగ నొక్క మాట. బొమ్మ చెడిపోలేదు. పనిచేయుటకు చోటు చాలలేదు, అంతియే. రెండవ ప్రశ్నకు సమాధానము కొంచెము పెద్దది. ఆ మఱదిగారు చెప్పినది సగము నిజము. మిగిలిన సగమును నేనును నిజమనియే నమ్మి, మా యింట తీరని నష్టమొకటి తెచ్చిపెట్టితిని. ఆ సంగతియు చెప్పెదను.

కంప్యూటరులో మన వస్తువులుండు తావులు రెండు. ఒకటి ర్యాము, రెండవది డిస్కు. ర్యాము వంటగట్టు వంటిది. డిస్కు కొట్టుగది వంటిది. కొట్టుగదిలో బస్తాలకొలది ధాన్యమున్నను, వండునప్పుడు కావలసినంత తెచ్చి గట్టుమీద నుంచుకొందుము గదా. గట్టు చిన్నది, చేతికి దగ్గఱగ నుండును. కాని విద్యుత్తు పోయినంతనే దానిమీదిదంతయు తుడిచిపెట్టుకొని పోవును. కొట్టుగది పెద్దది, కొంచెము దూరము. అయినను అందు పెట్టినది పెట్టినట్లుండును.

పండుగనాడు నూఱేసి గారెలును బూరెలును చేయవలసివచ్చినపుడు గట్టు చాలునా? పళ్లెములను, చేటలను వెనుకవసారాలో పఱచుకొందుము. పని ముగిసిన పిమ్మట వసారా యెప్పటివలె ఖాళీ యగును. ఫోటోషాపు చేయునదియు నిదియే. ర్యాము చాలనపుడు, డిస్కులో ఖాళీగ నున్న చోట నొక పెద్ద తాత్కాలికపు దస్త్రమును కల్పించుకొని, పనిలోనున్న పొరలను, వెనుకకు మరలుటకై దాచుకొన్న దశలను అందులో పఱచును. ఆ చోటికే స్క్రాచి డిస్కని పేరు. వసారానిండ బస్తాలు పేర్చియుంచిన బూరెలెక్కడ పఱతుము? డిస్కు నిండియున్నపుడు ఫోటోషాపునకు కలుగునదియు నా యిబ్బందియే. ఆ చీటి యందులకే వచ్చును.

ఒక్క బొమ్మ కింత చోటేలయని యడుగుదురేమో. లెక్క చూడుడు. నాలుగంగుళముల వెడల్పు, ఆఱంగుళముల పొడవు గల కాగితపు బొమ్మను 600 డీపీఐ చొప్పున స్కాను చేసిన, అడ్డముగ 2400, నిలువుగ 3600 చుక్కలు. వెరసి 86,40,000 చుక్కలు. ఒక్కొక్క చుక్కలోను ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులకును మూడు బైట్లు కావలెను. మొత్తము రమారమి 26 ఎంబీ. ఆ సోదరి చేసినట్లు 1200 చొప్పున చేసిన, రెండు ప్రక్కలును రెట్టింపగుటచే నిది నాలుగింతలై 104 ఎంబీకి చేరును. రంగునకు 8 బిట్లకు బదులు 16 బిట్లు కోరినచో 207 ఎంబీ. అదే బొమ్మ జేపెగుగ దాచినపుడు కొద్ది ఎంబీలుగనే కనబడవచ్చును. మడిచి పెట్టెలో నుంచిన పట్టుచీర జానెడు చోటే పట్టినను, విప్పి యారవేసిన దండెమంతయు కావలసినట్లు, తెఱచినపుడది తన పూర్తి పరిమాణమునకు విప్పుకొనును. పిదప మరకలు తుడుచుట కొక పొర, ముఖమునకు వెలుగునిచ్చుట కొక పొర. బొమ్మనిండ పఱచిన పొర యొక్కొక్కటియు మరల నంత చోటును కోరును. ఇవిగాక, ఫోటోషాపు మామూలుగ 50 దశల వఱకు జ్ఞాపకముంచుకొనును. ఒక్క బొమ్మ యనేక జీబీలను తినుటలో వింత లేదు.

సాధారణముగ కాగితపు బొమ్మలకు 600 డీపీఐ చాలును. అంతకు మించినచో కాగితపు గరుకు కనబడును గాని బొమ్మలో క్రొత్త సంగతి కనబడుట అరుదు. చిన్న నెగెటివులకు మాత్ర మెక్కువ కావలెను.

ఇక చీటి వచ్చినపుడు చేయవలసిన పనులు క్రమముగ వ్రాయుచున్నాను. మొదట ఫోటోషాపును మూయకుడు. మూసినచో దాచుకొనని పని పోవును. స్క్రాచి డిస్కు ఫలానాయని మనము చెప్పనిచో, అది విండోసున్న సీ డ్రైవునే వాడుకొనును. కావున సీ డ్రైవును తెఱచి చూచి, అందు పేరుకొనియున్న సినిమాలను, ఒకమాఱు చూచి మఱచిన దస్త్రములను తీసివేయుడు. రీసైకిల్ బిన్నును గూడ ఖాళీ చేయుడు. చెత్త బుట్టలో పడినంత మాత్రమున ఇల్లు దాటినట్లు కాదు. చోటు దొరకినంతనే బొమ్మను దాచుకొనుడు. ఎడిట్ పట్టికలోని పర్జ్ అనుదానివలన పాత దశలను చెఱిపియు చోటు చేయవచ్చును. కాని యట్లు చేసిన పిమ్మట వెనుకకు మరలుటకు వీలుండదు.

తరువాత, అదే ఎడిట్ పట్టికలో ప్రిఫరెన్సెస్ తెఱచి, స్క్రాచ్ డిస్క్స్ అను పుటకు పొండు. అచ్చట డ్రైవులన్నియు వరుసగ కనబడును. ఎక్కువ ఖాళీయు, ఎక్కువ వేగమును గల డ్రైవునకు గుఱుతు పెట్టి, ఫోటోషాపును మూసి మరల తెఱువవలెను. ఒకటి కాక నాలుగు డ్రైవుల వఱకు చెప్పవచ్చును; మొదటిది నిండినచో రెండవదానికి పోవును. ఫోటోషాపు అసలు తెఱచుకొననే తెఱచుకొననిచో, దానిని మొదలుపెట్టునపుడే కంట్రోలు, ఆల్టు మీటలను రెంటిని అదిమిపట్టుడు. మ్యాకు కంప్యూటరైన కమాండు, ఆప్షను మీటలు. స్క్రాచి డిస్కు నెంచుకొను పట్టిక వచ్చును. వెల చెల్లింప నక్కఱలేని గింపును వాడు సోదరీమణులు, దాని ప్రిఫరెన్సెస్‌లోని ఫోల్డర్స్ పుటయందు స్వాప్ ఫోల్డరును మార్చుకొనవలెను. పేరు వేఱైనను పని యొకటే.

పని నడుమ విద్యుత్తు పోయినచో, ఫోటోషాప్ టెంప్ అను పేరుతో మొదలగు పెద్ద దస్త్రములు డిస్కులోనే మిగిలిపోవుట కలదు. ఫోటోషాపు మూసియున్నపుడు వానిని తీసివేయవచ్చును. పండుగ వెళ్లినను వసారాలో మిగిలిన యెంగిలియాకుల వంటివవి.

ఇంక విభజన మాట. ఒక్క హార్డుడిస్కును లెక్కకు రెండు మూడు భాగములుగ చేయుటనే పార్టిషనందురు. మనకు సీ, డీ, ఈ యని కనబడు డ్రైవులు తఱచుగ నిట్టివే. పెద్ద వసారాకు తడిక లడ్డుపెట్టి గదులు చేసినట్లనుకొనుడు. ఇది నేటి పద్ధతి కాదు. 1983 లో వచ్చిన ఐబీఎం పీసీ డాస్ రెండవ కూర్పులోనే యిందులకు ఎఫ్‌డిస్కను సాధనముండెను. ఆ యేటనే వెలువడిన పీసీ ఎక్స్‌టీలోని హార్డుడిస్కు మొత్తము 10 ఎంబీ. మన 600 డీపీఐ బొమ్మ యొక్కటి విప్పిన నందులో పట్టదు.

విభజనవలన లాభము లేకపోలేదు. విండోసు చెడి, సీ డ్రైవును తుడిచి మరల నెక్కింపవలసివచ్చినపుడు డీ డ్రైవులోని బొమ్మలు కదలకుండును. స్క్రాచికై యొక భాగమును విడిగ నుంచినచో, పిల్లల యాటలును పాటలును పెరిగి దాని నాక్రమింపజాలవు. మడి కట్టుకొన్న గదివలె నుండును. మఱదిగారు చెప్పినదానిలో నిజమైన సగమిది.

చేయు విధ మిట్టిది. విండోసులో స్టార్టు గుఱుతుమీద కుడిమీట నొక్కి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెఱువుడు. ఎక్కువ ఖాళీగల భాగముపై కుడిమీట నొక్కి ష్రింక్ వాల్యూమ్ అని, దాని నెంత తగ్గింపవలెనో చెప్పుడు. అచ్చట లెక్క యెంబీలలో నుండును గనుక, 50 జీబీ కావలసిన 51200 అని వేయవలెను. వెలువడిన ఖాళీపై న్యూ సింపుల్ వాల్యూమ్ అని క్రొత్త భాగమును కట్టి, ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిని ఫార్మాటు చేయవలెను. ఖాళీ యున్నను కోరినంత తగ్గింపనీయకుండుటయు కలదు. కదలింపరాని దస్త్రములు నడుమ కూర్చుండుటయే యందులకు కారణము. ఫార్మాటను మాట కనబడినపుడెల్ల, డ్రైవు పేరు రెండుమాఱులు చదివిన గాని మీట నొక్కకుడు. నిండు గదిని ఖాళీగదియని భ్రమించి కడిగివేసిన, అందులోని వస్తువులు మరల చేతికి వచ్చునను నమ్మకము లేదు.

ఇక నిజము కాని సగము. గోడ కట్టినంత మాత్రమున చోటు పెరుగదు, వేగము పెరుగదు, రక్షణయు పెరుగదు. మూడింటిని వేఱువేఱుగ చూతము.

చోటు సంగతి చెప్పనక్కఱలేదు. పైగా, చిన్న డిస్కును ముక్కలు చేసినచో నొక గది క్రిక్కిఱిసి, వేఱొకటి సగము ఖాళీగ పడియుండి, ఉన్న చోటే చాలకపోవును.

వేగము సంగతి. పాతరకపు హార్డుడిస్కులో పళ్లెములు నిమిషమునకు 5400 మాఱులో, 7200 మాఱులో తిరుగుచుండును. ఆ పళ్లెములపై చదువుటకు, వ్రాయుటకు గల తలలన్నియు నొకే చేతికమ్మికి కట్టుబడి, కలసియే కదలును. బొమ్మ డీలోను, స్క్రాచి ఈలోను ఉన్నను, రెండును ఆ పళ్లెములమీదివే గనుక, ఆ చేయి యటకు నిటకు పరుగెత్తవలసినదే. వంటింటి కొక తలుపు, కొట్టుగది కొక తలుపు పెట్టినను, రెంటికిని తిరుగు కోడలొక్కతెయే గదా! పళ్లెపు వెలుపలి చుట్టులో లోపలి చుట్టుకంటె నెక్కువ సమాచారము పట్టును గనుక, సాధారణముగ డిస్కు మొదటిభాగము కొంత చుఱుకుగ నుండుట నిజమే. అయినను నది వేఱొక డిస్కుంచిన లాభమునకు సాటి రాదు. ఎస్‌ఎస్‌డీలో తిరుగు పళ్లెమే లేదు. దానిని విభజించినను, విభజింపకున్నను వేగమొక్కటే.

రక్షణ సంగతి మా యింట జరిగినదానివలన తెలియును. మూడేండ్లక్రిందట, వేసవి సెలవులలో, మా అత్తగారి పుట్టింటి పెట్టెలోని 140 బొమ్మలను స్కాను చేసితిని. అందొకదానిలో మా అత్తగారు అయిదేండ్ల పిల్లగ తన తల్లి యొడిలో కూర్చున్నారు. ఆ తల్లి మఱుసటి యేడే కాలము చేసినది. ఆమెకు వేఱు బొమ్మ లేదు. నేను మిక్కిలి జాగ్రత్త గలదాననుకొని, డీ డ్రైవులో నొక ప్రతియు, ఈ డ్రైవులో నొక ప్రతియు నుంచితిని.

ఆ వానకాలమున గోడకు చెమ్మ పట్టి, అట్టపెట్టెలోని యసలు బొమ్మలు కొన్ని యొకదాని కొకటి యంటుకొనిపోయినవి. విడదీయబోగా ముఖములే యూడివచ్చినవి. వానిలో నిదియు నొకటి. "ఫరవాలేదండీ అత్తయ్యగారూ, కంప్యూటరులో రెండుచోట్ల భద్రముగా ఉన్నది" అని ధైర్యము చెప్పితిని.

మాఘమాసమున నొకనాడు కంప్యూటరులోనుండి టిక్కు టిక్కుమని చప్పుడు వినవచ్చినది. మఱునాడు తెఱచి చూచిన డీ లేదు; ఈయును లేదు. విండోసున్నది వేఱొక చిన్న ఎస్‌ఎస్‌డీ గనుక సీ మాత్రము కనబడినది. రెండు పేర్ల వెనుకను ఉన్నది ఒక్క డిస్కేయని నాకప్పటికి గాని తట్టలేదు. నగరమున నిట్టిపని చేయువారికి పంపగా, పళ్లెములమీదనే గీతలు పడినవి, ఏమియు రాదని చెప్పి తిరుగ పంపిరి.

అత్తగారు నన్నొక్క మాటయు ననలేదు. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట నాచెంతకు వచ్చి, "అమ్మాయీ, మా అమ్మ ఇక కనపడదా?" అని మాత్ర మడిగిరి. చిన్ననాటినుండి చదివిన కావ్యములలో నేదియు నాకా ప్రశ్నకు జవాబందీయలేదు.

చివరకా బొమ్మ మా ఆడబిడ్డగారి ఫోనులో దొరకినది. స్కాను చేసిననాడు సంతోషము పట్టజాలక వాట్సాపులో ఆమెకు పంపియుంటిని. పంపునపుడు కుదింపబడి చిన్నదైన బొమ్మ యది. పెద్దది చేసినకొలది ముఖము చదరములుగ విడిపోవును. కన్నులు మాత్రము తెలియును. దానినే అరచేయి యంత అచ్చు వేయించి అత్తగారి మంచమునొద్ద నుంచితిమి. అంతకు పెద్దది చేయుటకు వీలులేకపోయినది.

కావున నేనిప్పుడు పాటించు పద్ధతి వ్రాయుచున్నాను. మీ మీ వీలునుబట్టి యనుసరింపుడు.

ఒక్కటే డిస్కున్నవారు విభజనకై శ్రమపడక, అందు 50 జీబీకి తక్కువ కాకుండ నెప్పుడును ఖాళీ నుంచుకొనుడు, స్క్రాచికదియే చోటు. ఒక ఎస్‌ఎస్‌డీయు, ఒక పాతరకపు హార్డుడిస్కును గలవారు, ఎస్‌ఎస్‌డీలో చోటున్నచో స్క్రాచి నందుంచి, బొమ్మలను రెండవదానిలో దాచుకొనుడు. రెండు ఎస్‌ఎస్‌డీలున్నచో, విండోసు లేనిదానిని స్క్రాచి కీయుడు. పెన్ డ్రైవును స్క్రాచికి వాడకుడు, అది మందము. ఎంతటి డిస్కుకంటెను గట్టు వేగమైనది గనుక, ర్యామును పెంచుకొనగలవారికి స్క్రాచి యక్కఱయే తగ్గును. స్క్రాచి చోట దాచుకొనవలసిన వస్తు వేదియు నుంచరాదు. అది పనిచోటు గాని భోషాణము కాదు.

ప్రతులు మూడుండవలెను. ఒకటి కంప్యూటరులో. రెండవది బయటి హార్డుడిస్కులో. దానిని నెలకొకమాఱు తగిలించి, ప్రతి చేయుట ముగిసినంతనే తీగ తీసి బీరువాలో పెట్టవలెను. మూడవది వేఱొక యింట; మాది యిప్పుడు మా ఆడబిడ్డగారి యింట నున్నది. ఆఱునెలల కొకమాఱు ఆ ప్రతులలో నాలుగైదు బొమ్మలను తెఱచి చూడవలెను. ఊఱగాయ జాడీని పెట్టి మఱచిపోయిన బూజు పట్టినది యెవరికి తెలియును?

క్రొత్త డిస్కు కొనువారికి మఱొక్క మాట. పెట్టెమీద 1 టీబీ యని యుండగా, విండోసు 931 జీబీయే చూపును. అంగడివానితో తగవులాడకుడు. తయారుచేయువారు వేయింటి లెక్కను, విండోసు 1024 లెక్కను కొలుచుటయే యిందులకు కారణము. ధాన్యము తగ్గలేదు; కుంచము మాఱినది.

ఇక ఉత్తరము వ్రాసిన సోదరికి. సీ డ్రైవులో చోటు చేసి, స్క్రాచిని సరిచేసికొని, నాయనమ్మగారి ముఖముమీది మరకలు తుడుచుట ముగింపుడు. ముగిసిననాడే, విభజనకు చేయిపెట్టక మునుపే, ఆ బొమ్మను వేఱొక డిస్కున కెక్కించి వేఱొక యింటికి పంపుడు. అసలు కాగితపు బొమ్మను పాఱవేయకుడు. చెమ్మ తగులని చోట, ఒకదానికొకటి యంటకుండ నడుమ మంచి కాగితముంచి దాచుడు. మీ మఱదిగారికి నా మాటగ చెప్పుడు: గదులు కట్టుకొనుట మంచిదే, కాని యిల్లంటుకొన్ననాడు ఏ గదియు వేఱుగ మిగులదు.